కంపైలర్ నోరు మూయకు, బిడ్డా

బిడ్డా,

నువ్వు రాసిన డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో చేరబోతోందని విన్నప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. లాల్ దర్వాజ గల్లీల్లో ఆడుకున్న పిల్ల రాసిన కోడు రేపు లాడ్ బజార్‌లో గాజులమ్మే ఆయన ఫోన్‌లోనూ నడవచ్చు, మనం పేరు కూడా వినని ఊళ్లో ఏదో ఆసుపత్రి యంత్రంలోనూ నడవచ్చు. చిన్న పనేం కాదు. అయితే రాత్రి ఫోన్లో, "టెస్ట్ రోబో రెండు వార్నింగులు పట్టుకుంది మామా, పొద్దున పోయి తీసేస్తా, అయిదు నిమిషాల పని" అన్నావు. ఆ అయిదు నిమిషాల గురించే ఇదంతా రాస్తున్నాను. ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేలోగా నిదానంగా చదువుకో. కోడు ఆ తర్వాతే తెరువు.

వార్నింగ్ అంటే ఏమిటో నీకు నేను చెప్పనక్కర్లేదు. దాన్ని ఏ కంటితో చూడాలో మాత్రం చెప్పాలి. ఛత్తా బజార్‌లో మీ నాయన ప్రెస్సు ఉంది కదా, అక్కడికి ఒక పెళ్లికార్డు మ్యాటర్ వచ్చిందనుకో. ముహూర్తం ఫలానా తేదీ, గురువారం అని రాసి ఉంది. క్యాలెండర్ చూస్తే ఆ తేదీ శుక్రవారం. కంపోజింగ్ చేసే అతనికి పెళ్లి గురువారమో శుక్రవారమో ఎలా తెలుస్తుంది? ఈ రెండూ పొసగడం లేదని మాత్రం తెలుస్తుంది. అప్పుడు మీ నాయన పార్టీకి ఫోన్ చేసి కనుక్కుంటాడు. వారం పేరు చెరిపేస్తే ప్రూఫులో తేడా మాయమవుతుంది, కార్డు శుభ్రంగా కనిపిస్తుంది, చుట్టాలు మాత్రం అప్పగింతలయ్యాక దిగుతారు. కంపైలర్ పరిస్థితీ అదే. నీ మనసులో ఏముందో దానికి తెలియదు. ఒకచోట ఒకటి, ఇంకోచోట దానికి పొసగనిది రాశావని మాత్రం గమనించింది. రెంటిలో ఏది తప్పో తేల్చాల్సినదానివి నువ్వు.

నీ మొదటి వార్నింగ్ సంగతి చూద్దాం. నువ్వు పంపిన ఫైలు రాత్రే చదివాను. ప్రోబ్ ఫంక్షన్ మొదట్లో 'రెట్' అని ఒక ఇంటిజర్ పెట్టుకున్నావు, విలువేమీ ఇవ్వలేదు. డివైస్ ట్రీలో నీ పరికరం కింద ఉన్న చానల్ నోడ్లను లూపులో ఒక్కొక్కటే తీసుకుని సెటప్ చేస్తున్నావు. సెటప్ ఇచ్చిన ఫలితం రెట్‌లో పడుతోంది, అది సున్నా కాకపోతే అక్కడికక్కడే రిటర్న్ అవుతున్నావు. అన్నీ అయ్యాక చివర మళ్లీ రెట్‌నే తిరిగిస్తున్నావు. క్లాంగ్ కంపైలర్ ఏమంటోంది? లూపు షరతు మొదటిసారే వీగిపోతే, అంటే కింద ఒక్క నోడ్ కూడా లేకపోతే, ఏ విలువా పెట్టని రెట్‌ను వాడుతున్నావు అంటోంది. ఏ దారిన పోతే గుంత ఉందో కూడా చూపించింది పాపం. అయితే దాని కిందే ఇంకో నోట్ ఉంటుంది, ఈ వార్నింగ్ ఆగాలంటే రెట్‌కు మొదట్లోనే ఒక విలువ ఇవ్వు అని. ఆ నోట్ చూసి 'రెట్ = 0' అని కొట్టేసి పంపేద్దామనే కదా నీ అయిదు నిమిషాల లెక్క?

కెర్నెల్‌లో సున్నా తిరిగిచ్చామంటే పని సవ్యంగా అయిందని చెప్పినట్టు. చానల్ ఒక్కటీ దొరకలేదు, ఏదీ సెటప్ కాలేదు, నీ డ్రైవర్ మాత్రం అంతా బాగుందని చెప్పి కూర్చుంటుంది. ఇన్నాళ్లూ స్టాక్‌లో ఏ చెత్త మిగిలి ఉంటే అది తిరిగి వెళ్లేది కాబట్టి ఎప్పుడో ఒకనాడు వింత ఎర్రర్‌గా బయటపడే అవకాశమైనా ఉండేది. సున్నా పెట్టాక ప్రతిసారీ ఒకే అబద్ధం వస్తుంది, పైగా ఇక ఏ కంపైలరూ నిన్ను ఆ సంగతి అడగదు. రేపు ఎవరో ఒక కుర్రాడు కొత్త బోర్డు తెచ్చుకుంటాడు. డివైస్ ట్రీలో ఒక నోడ్‌ను తప్పు చోట పెడతాడు. డ్రైవర్ లోడ్ అయిందని లాగ్ చెబుతుంది, పరికరం పలకదు. తప్పు తనదేనని తెలిసే దారి లేక హార్డ్‌వేర్‌ను అనుమానిస్తూ రోజులు పోగొట్టుకుంటాడు. కాబట్టి చానళ్లు లేని బోర్డు అనేది అసలు ఉండవచ్చా అని మీ హార్డ్‌వేర్ వాళ్లను అడుగు. ఉండకూడదంటే, పరికరం లేదని చెప్పే ఈనోడెవ్ ఎర్రర్ ఇవ్వు. ఉండవచ్చంటే సున్నా సరైన జవాబే, కానీ దాన్ని పైన ఎక్కడో డిక్లరేషన్‌లో దాచకుండా లూపు తర్వాత 'రిటర్న్ 0' అని అందరికీ కనబడేలా రాయి.

వార్నింగ్ వచ్చిన లైను దగ్గరే ఆగిపోకు, చుట్టుపక్కల కూడా చూడు. అదే లూపులో సెటప్ విఫలమైతే మధ్యలోనే బయటికి పోతున్నావు కదా. ఆ లూపు మాక్రో ఒక్కో నోడ్‌ను నీ చేతికిచ్చేటప్పుడు దాని రిఫరెన్స్ కౌంట్ ఒకటి పెంచుతుంది, తర్వాతి నోడ్‌కు పోయేటప్పుడు తగ్గిస్తుంది. నువ్వు నడుమనే వెళ్లిపోతే ఆ తగ్గించే పని ఎవరూ చేయరు, రిటర్న్‌కు ముందు నోడ్‌ను నువ్వే వదలాలి. ఆ పిలుపు నీ కోడులో లేదు. దీని మీద కంపైలర్ ఒక్క మాట కూడా అనలేదు, ఆ లెక్క దానికి అందేది కాదు. హడావిడిగా రాసిన పది లైన్లలో తప్పు ఒక్కటే ఉండటం అరుదు. అందుకే వార్నింగ్ ఎక్కడ వస్తే అక్కడ ఫంక్షన్ మొత్తం మొదటి నుంచి చదవమంటాను.

రెండో వార్నింగ్ చూడటానికి ఇంకా చిన్నది. ఇంకో ఫంక్షన్‌లోని రెట్‌లో విలువ పెట్టారు, ఎక్కడా వాడలేదు అని. రోబో అదనపు వార్నింగులు చూపే 'డబ్ల్యూ=1' పెట్టి బిల్డ్ చేస్తుంది కాబట్టి దానికి కనబడింది, నీ మామూలు మేక్‌లో కనబడలేదు. వాడని వేరియబుల్ కదా, తీసేస్తే పోతుందనుకుంటావు. ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చూశావా? క్లాక్‌ను ఆన్ చేసే ఫంక్షన్ ఇచ్చిన జవాబు అది. క్లాక్ ఆన్ కాలేదని అది చెబితే, నువ్వు వినకుండా ముందుకుపోయి రిజిస్టర్లలో రాస్తున్నావు. క్లాక్ అందని బ్లాకు రిజిస్టరును ముడితే కొన్ని చిప్పుల్లో బస్సే బిగుసుకుపోతుంది, మొత్తం మెషీను నిలిచిపోతుంది, లాగ్‌లో ఒక్క అక్షరం మిగలదు. ఇక్కడ తీసేయాల్సిన వేరియబుల్ లేదు, రాయాల్సిన 'ఇఫ్' ఉంది.

మామ ఊరికే భయపెడుతున్నాడనుకోకు. పెద్ద పెద్దవాళ్ల చేతుల్లోనే జరిగిన సంగతి చెబుతాను. 2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో, ఎన్‌క్రిప్షన్ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ చూసే ఆయనకు, మెమొరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే పరికరం నుంచి ఫిర్యాదులు వచ్చాయి, విలువ పెట్టని మెమొరీని వాడుతున్నారని. ఆ ఫిర్యాదు ఎత్తి చూపిన లైన్లు రెండు, చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకటి తీసేసినా నష్టం లేనిది. ఇంకొకటి యాదృచ్ఛిక సంఖ్యల కుండీలోకి బయటి నుంచి వచ్చే సమాచారాన్ని కలిపేది, ఆ మొత్తం కోడుకు ప్రాణం లాంటిది. ఆయన తొందరపాటు మనిషి కాదు, తీసేయవచ్చా అని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడిగారు కూడా. రెండూ పోయాయి. ఫిర్యాదులు ఆగాయి. ఆ తర్వాత డెబియన్, ఉబుంటు మెషీన్లలో తయారైన తాళంచెవులకు మిగిలిన యాదృచ్ఛికత అంతా ప్రాసెస్ నంబరు ఒక్కటే, అది 32,768 దాటదు. ఎంత పొడుగు తాళంచెవి చేయించుకున్నా ఆ కాసిని అవకాశాలన్నీ వరసగా ప్రయత్నించి తెరిచేయవచ్చు. డెబియన్ డెవలపర్ లూసియానో బెల్లో దాన్ని పట్టుకుని బయటపెట్టేసరికి 2008 మే వచ్చింది. దాదాపు రెండేళ్లు! ఫిర్యాదు చేసిన పరికరం తప్పు చెప్పలేదు, అది చూపిన లైన్లలో ఏది దేనికోసం ఉందో తేలకముందే చెయ్యి పడింది, అంతే.

కెర్నెల్ ముచ్చటే కావాలంటే 2003 నవంబరుకు పో. అప్పట్లో కెర్నెల్ అసలు కోడు బిట్‌కీపర్‌లో ఉండేది, దాని నకలు సీవీఎస్ సర్వర్‌లో ఉండేది. ఎవరో ఆ నకలులోకి దూరి, వెయిట్4 సిస్టమ్ కాల్‌లో రెండు లైన్లు చేర్చారు. పైకి చూస్తే అది ఒక మామూలు తనిఖీ. ఫలానా ఆప్షన్లు కలిపి ఇచ్చి, యూజర్ ఐడీ సున్నా అయితే ఎర్రర్ ఇవ్వమన్నట్టు ఉంటుంది. కానీ అక్కడ ఉన్నది '==' కాదు, ఒక్క '='. అంటే ఆ ఆప్షన్లతో పిలిచినవాడి యూజర్ ఐడీని సున్నా చేసేస్తుంది, వాడు అక్కడికక్కడే రూట్ అయిపోతాడు. కేటాయించిన విలువ సున్నా కాబట్టి షరతు వీగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. మామూలుగా ఇఫ్‌లో ఒక్క '=' కనబడితే జీసీసీ కంపైలర్ హెచ్చరిస్తుంది. చుట్టూ బ్రాకెట్లు ఉంటే మాత్రం, కావాలనే రాశావని నమ్మి ఊరుకుంటుంది. ఆ బ్రాకెట్లు అక్కడ ఉన్నాయి. నకలుకూ అసలుకూ తేడా ఉందని బిట్‌కీపర్ నడిపే లారీ మెక్‌వాయ్ వాళ్లు గమనించబట్టి ఆ దొంగ లైన్లు అసలు కోడులోకి చేరలేదు. చేసిందెవరో నేటికీ తేలలేదు. నేను ఇది చెప్పేది ఎందుకంటే, కంపైలర్‌ను ఊరుకోబెట్టడానికి మనకు ఏ బ్రాకెట్లు, ఏ కాస్టులు, ఏ తొలి విలువలు పనికొస్తాయో దొంగకూ అవే పనికొస్తాయి. రివ్యూ చేసేవాళ్లు అలాంటి మార్పు దగ్గర ఆగి నిన్ను ప్రశ్నలడిగితే నొచ్చుకోకు, వాళ్లు సరిగ్గా చేస్తున్నారు.

మరి కంపైలర్ ఎప్పుడూ ఒప్పేనా అంటావు. ఎప్పుడూ కాదు. విలువ పెట్టకుండా వాడుతున్నారేమో అనే అనుమానపు వార్నింగ్ జీసీసీలో వెర్షన్ మారినప్పుడల్లా కొత్త తప్పుడు కేకలు పెట్టేది. విసిగిపోయిన లినస్ టోర్వాల్డ్స్ 2020 మేలో మామూలు బిల్డులో దాన్ని ఆపేశారు. అంతకు ముందు ఆ కేకలు తప్పించుకోవడానికే కెర్నెల్‌లో ఒక మాక్రో ఉండేది. అది వేరియబుల్‌కు దాని విలువనే దానికి ఇచ్చినట్టు నటించి కంపైలర్‌ను నమ్మించేది. తప్పుడు కేకలతో పాటు నిజమైన తప్పులనూ అది దాచేస్తోందని కెర్నెల్ డెవలపర్ కీస్ కుక్ ఆ ఏడాదే దాన్ని కెర్నెల్ అంతటి నుంచీ పీకించారు. కాబట్టి వార్నింగ్ తప్పుడుదని నువ్వు నిరూపించుకుంటే దాన్ని ఆపు, అభ్యంతరం లేదు. ఆ ఒక్క చోటే ఆపు, ఎందుకు తప్పుడుదో కమిట్‌లో రెండు వాక్యాలు రాయి. ఫైలు మొత్తానికో, డైరెక్టరీ మొత్తానికో ఫ్లాగు పెట్టి ఆపే పని మాత్రం చేయకు. రేపు అదే ఫైలులో ఇంకొకరు రాసే తప్పుకు నువ్వు కాపలా ఎత్తేసినట్టవుతుంది.

నీ డెస్క్ మీద రాని వార్నింగ్ రోబోకు ఎందుకు వచ్చిందని తికమకపడ్డావు కదా. నీది 64 బిట్ల మెషీను, నీ కాన్ఫిగ్ నీ బోర్డు కోసం చేసుకున్నది. రోబో ఇంకో ఆర్కిటెక్చర్‌కు, ఇంకో కంపైలర్‌తో, నువ్వెప్పుడూ తెరవని ఆప్షన్లు తెరిచి కడుతుంది. దాని మెయిల్‌లో కాన్ఫిగ్, కంపైలర్ వెర్షన్, వాడిన కమాండు అన్నీ ఉంటాయి. ముందు వాటితోనే నీ దగ్గర బిల్డ్ చేసి అదే వార్నింగ్‌ను నీ కళ్లతో చూడు. చూడకుండా ఊహించి సరిచేసిన ప్యాచ్ నా దృష్టిలో ప్యాచ్ కాదు. ఆ పని చేస్తుంటే నీకు ఇంకోటి కూడా తగలొచ్చు. ఆ ఫైలులోనే బఫర్ సైజును ప్రింట్ చేసేచోట 'పర్సెంట్ ఎల్‌యూ' రాశావు. నీ మెషీనులో చక్కగా పోతుంది, 32 బిట్ల ఆర్మ్‌లో కంపైలర్ అడ్డుపడుతుంది. సైజ్ టీ రకానికి 'పర్సెంట్ జడ్‌యూ' ఉంది, అది వాడు. డీఎంఏ అడ్రసుకైతే ఇంకా జాగ్రత్త. అది కొన్ని చోట్ల 32 బిట్లు, కొన్ని చోట్ల 64. గొడవెందుకని 32 బిట్లకు కాస్ట్ కొట్టావనుకో, 4 జీబీ పైన ఉన్న అడ్రసు సగం తెగిపోయి లాగ్‌లో వేరే అడ్రసు కనిపిస్తుంది, దాన్ని నమ్మి వెతికేవాడు తప్పు చోట వెతుకుతాడు. స్పార్స్ కూడా ఒకసారి నడిపించు. లినస్ 2003లో మొదలుపెట్టిన పరికరం అది, యూజర్ పాయింటరునూ కెర్నెల్ పాయింటరునూ కలిపేస్తే పట్టుకుంటుంది, మేక్‌కు 'సీ=1' ఇస్తే చాలు. దాని నోరు మూయడానికి 'ఫోర్స్' అనే గుర్తు ఉంది. అది రాయబుద్ధి అయిన ప్రతిసారీ ముందు నాకు ఫోన్ చెయ్.

కెర్నెల్‌లో ఇంత పట్టింపు ఎందుకని కొందరు కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే దాన్ని ఆపడానికి కింద కెర్నెల్ ఉంది. కెర్నెల్ తప్పు చేస్తే కింద ఎవరున్నారు? అక్కడ పని చేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టే 2008 నుంచి స్టీఫెన్ రోత్‌వెల్ ఏళ్ల తరబడి, మెయింటెయినర్లందరి కొత్త కోడునూ లినక్స్ నెక్స్ట్‌లో రోజూ కలిపి, బిల్డ్ చేసి, ఏ కమిట్ వల్ల ఏ వార్నింగ్ పుట్టిందో ఓపికగా వాళ్లవాళ్లకు రాసి చెప్పారు. డాక్యుమెంటేషన్ బిల్డులో ఒక స్ట్రక్చర్ మెంబరుకు వివరణ రాయలేదన్న వార్నింగ్‌ను కూడా వదల్లేదు. 2021 సెప్టెంబరులో లినస్ వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా చూసే ఆప్షన్‌ను అందరికీ తెరిచారు. నానా కంపైలర్లతో, నానా ఆర్కిటెక్చర్లతో జనం బిల్డులు విరిగి గోల పుట్టింది. కొద్దిరోజుల్లోనే దాన్ని కంపైల్ టెస్ట్ బిల్డులకు మాత్రం డీఫాల్టుగా ఉంచారు. అది సరైన సర్దుబాటేనని నా అభిప్రాయం. పరీక్ష కోసం కట్టేవాడి బిల్డు ఆగాలి, ఇంట్లో కెర్నెల్ కట్టుకునే విద్యార్థి బిల్డు ఆగకూడదు.

ఓపిక ఎంత కావాలో తెలియాలంటే కెర్నెల్ డెవలపర్ గుస్తావో సిల్వా చేసిన పని చూడు. స్విచ్‌లో ఒక కేసు నుంచి బ్రేక్ లేకుండా తర్వాతి కేసులోకి జారిపోయే చోట్లు కెర్నెల్ నిండా ఉండేవి. వాటిలో కొన్ని కావాలని రాసినవి, కొన్ని బ్రేక్ మరిచిపోయినవి. యంత్రంతో అన్నిటికీ ఒకే గుర్తు పెట్టి ముగించేయవచ్చు, కానీ అప్పుడు మరిచిపోయినవి కూడా కావాలని రాసినవే అయిపోతాయి. ఆయన ఒక్కో చోటూ చదివి, ఆ కోడు రాసినవాళ్లను అడిగి, ఏళ్ల తరబడి సరిచేశారు. ఆ దారిలో నిజమైన తప్పులు బయటపడ్డాయి. 2019లో 5.3 వెర్షన్‌తో ఆ వార్నింగ్‌ను కెర్నెల్ అంతటికీ తెరవగలిగారు. నీలాంటి కొత్తవాళ్లకు వార్నింగులు సరిచేయడం మంచి బడి. ఎవరో చెప్పారని స్క్రిప్టు రాసి ఒకే రోజు వందల ఫైళ్లు మార్చే పనికి మాత్రం దిగకు. నీకు అర్థమైన డ్రైవర్ ఒకటి తీసుకో, అందులో ఉన్నవి తేల్చు, తర్వాత ఇంకోటి. కెర్నెల్‌లో మన పేర్లూ ఉన్నాయి. కేప్రోబ్స్ ఫైలు తెరిస్తే పైనే ఉంటుంది, 2002 అక్టోబరులో దాన్ని మొదట రాసింది వంశీకృష్ణ అని. యూప్రోబ్స్ ఫైలులో శ్రీకర్ ద్రోణంరాజు పేరుంటుంది. మన చెవికి ఇంపైన ఆ పేర్లు ఇన్నేళ్లుగా అక్కడ నిలిచాయి. నీ పేరూ ఆ వరసలో చూడాలని నాకు ఎంత ఆశో నీకు తెలియదు.

ఇక ప్యాచ్ సంగతి. నీ డ్రైవర్ ఇప్పటికే మెయింటెయినర్ ట్రీలో చేరింది కాబట్టి రెండు వార్నింగులకూ వేర్వేరు ప్యాచులు పంపు, నోడ్ వదలడం మరిచిన సంగతికి మూడోది. ఒకదానిలో ఒకటి కలిపితే రేపు ఏదైనా వెనక్కి తీయాల్సి వస్తే అన్నీ పోతాయి. కమిట్ శీర్షికలో 'వార్నింగ్ సరిచేశాను' అని రాయకు, చానళ్లు లేనప్పుడు ప్రోబ్ ఎర్రర్ ఇచ్చేలా మార్చానని రాయి. కింద వార్నింగ్ పాఠం యథాతథంగా పెట్టు, అది ఏ దారిలో పుట్టిందో, పుడితే యూజరుకు ఏమవుతుందో రాయి. తప్పు తెచ్చిన కమిట్ నీదే అయినా ఫిక్సెస్ ట్యాగులో దాని హ్యాష్ మొదటి పన్నెండు అక్షరాలూ, శీర్షికా పెట్టు, దాంట్లో సిగ్గుపడేదేమీ లేదు. పట్టుకున్నది రోబో అయినా రిపోర్టెడ్ బై వరుసలో దానికి చోటివ్వు. పంపే ముందు క్లాంగ్‌తో ఒకసారి, జీసీసీతో ఒకసారి, 32 బిట్ల ఆర్మ్‌కు ఒకసారి డబ్ల్యూ=1 పెట్టి కట్టి చూడు. చానల్ నోడ్లు తీసేసిన డివైస్ ట్రీతో బోర్డును ఒకసారి బూట్ చేసి, ప్రోబ్ ఏ ఎర్రర్ ఇచ్చిందో ఆ లాగ్ లైను నాకు కూడా పంపు.

మీ మామ